దీపం సంగతి తర్వాత, ముందు మురుగు చూడు

చిరంజీవి బుజ్జికి,

అత్తయ్య ఆశీస్సులు. క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సిపాయిలకు సేవ చేసిన, దీపం పట్టుకున్న నర్సుగా పేరుపడ్డ ఫ్లారెన్స్ నైటింగేల్ మీద సినిమా తీస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వినగానే కళ్ళు చెమర్చాయి. ఎనిమిదేళ్ళప్పుడు బొమ్మ కాలికి రుమాలు చుట్టి, "నొప్పి తగ్గిందా?" అని దాన్నే అడిగిన పిల్లవి. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదే. చీకటి వార్డు, చేతిలో దీపం, వెనక వీణో వయొలినో, లేచి దండం పెట్టే సిపాయిలు... నువ్వూ అక్కడే ఆగిపోతావేమోనని భయం.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. స్క్రిప్టు రాయకముందే ఆమె ఉత్తరాలు చదువు. నర్సులకు బూడిదరంగు ముతక ఉన్ని గౌను, తెల్ల టోపీ, భుజాన "స్కుటారి హాస్పిటల్" అని ఎర్రదారంతో కుట్టిన గుడ్డ. స్కుటారి అంటే ఇస్తాంబుల్ ఎదురుగట్టున ఉన్న ఊరు, బ్రిటిష్ సైన్యపు ఆసుపత్రి అక్కడే. ఎర్ర శిలువ గుర్తు ఎవరి ఒంటి మీదా కనపడకూడదు, అది 1860లలో పుట్టింది. మెడలో వేలాడే స్టెతస్కోపు వద్దు, డాక్టరు చేతిలో చెక్క గొట్టం చాలు. సెలైన్ స్టాండు, రబ్బరు గ్లౌజులు, మాస్కు, జేబులో పట్టే థర్మామీటర్ ఏవీ లేవు. జ్వరం చూడాలంటే నుదుటి మీద చెయ్యి, మణికట్టు మీద వేళ్ళు. "క్రిములు" అనే మాట ఎవరి నోటా రానివ్వకు. రోగం చెడుగాలి వల్ల వస్తుందని ఆ రోజుల్లో నమ్మకం, ఆమె నమ్మకమూ అదే.

వార్డు సెట్ వేసేటప్పుడు మాత్రం దగ్గరుండు. మంచానికీ మంచానికీ మధ్య 18 అంగుళాలు కూడా లేవని, వరసలన్నీ కలిపితే నాలుగు మైళ్ళని ఆమే రాసింది. కెమెరా ట్రాలీకి చోటు కావాలని మీవాళ్ళు మంచాలు జరపమంటారు. జరపకు. నర్సు పక్కకి తిరిగి నడవాలి, గౌను అంచు రెండు పక్కలా రోగులకు రాసుకోవాలి. ఆ ఇరుకే అక్కడ సగం రోగం. దుప్పట్లు తెల్లగా మెరవకూడదు. అక్కడిచ్చిన కాన్వాసు దుప్పట్లు ఎంత గరుకంటే, మా కంబళ్ళు మాకే ఉంచండని గాయపడ్డవాళ్ళు బతిమాలుకునేవారు.

ఆ పడుకున్నవాళ్ళలో ఎక్కువమంది గాయాలతో పోలేదు. కలరా, విరేచనాలు, టైఫస్ (పేలతో పాకే జ్వరం), టైఫాయిడ్. జూనియర్ ఆర్టిస్టుల తలకు కట్టు కట్టి ఎర్రరంగు పూసి వదిలేస్తే నేను లేచి వెళ్ళిపోతాను. కలరా మనిషికి కళ్ళు గుంటలు పడతాయి, వేళ్ళ చర్మం నీళ్ళలో నానినట్టు ముడతలు పడుతుంది, గొంతు పీలగా పోతుంది, కేక వేసే ఓపిక ఉండదు. టైఫస్ మనిషి మత్తుగా గొణుగుతూ కంబళి పోగులు పీకుతూ ఉంటాడు. ఇది నేర్పితే ఒక్క చుక్క రంగు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని రెండుసార్లు చదువు.

38 మంది నర్సులతో ఆమె 1854 నవంబరు 4న స్కుటారి బ్యారక్ హాస్పిటల్‌కి చేరింది, క్రిమియాలో జరిగిన ఇంకర్‌మన్ యుద్ధానికి ఒక్కరోజు ముందు. సైన్యపు డాక్టర్లు మొదట వార్డుల్లోకి రానివ్వలేదు. ఆమె తోసుకుని పోలేదు. పిలిచేదాకా నర్సుల్ని గదుల్లోనే కూర్చోబెట్టి, తెగిన కాళ్ళ కింద పెట్టే దిండ్లు, చేతిని వేలాడదీసే కట్లు కుట్టించింది. క్షతగాత్రులు వరదలా వచ్చిపడ్డాక డాక్టర్లే పిలిచారు. ఆ తర్వాత వంటిల్లు, బట్టలుతికే బాయిలర్లు, చొక్కాలు, చెంచాలు అన్నీ ఆమె పూనికతో వచ్చాయి. ఇంతవరకు అందరూ తీస్తారు. వెంటనే రోగులు కోలుకున్నట్టు, కిటికీలోంచి ఎండ పడినట్టు చూపిస్తారు. అక్కడే తప్పు, బుజ్జీ. ఆమె వచ్చాక చావులు తగ్గలేదు, పెరిగాయి. ఆ చలికాలం ఒక్క స్కుటారిలోనే 4 వేల మందికి పైగా పోయారు. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చేరిన నూటికి 42 మంది అని ఆనాటి లెక్క. దీపం పట్టుకున్న ఆమె బొమ్మను "ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్" పత్రిక వేసింది ఎప్పుడనుకున్నావు? ఆ నెల 24న.

కారణం కాళ్ళ కిందే ఉంది. ఆ కట్టడం కింద మురుగుకాలువలు పూడిపోయి ఉన్నాయి. మరుగుదొడ్ల గొట్టాల గుండా ఆ కంపు గాలివాటుకి పైకి ఎక్కి వసారాల్లోని మంచాల మీదకి వచ్చేది. తాగేనీళ్ళ దారిలో చచ్చిన గుర్రం కుళ్ళుతోంది. నర్సులు నేల ఎంత తోమితే ఏం లాభం? మార్చిలో లండన్ నుంచి పారిశుద్ధ్యం చక్కదిద్దే శానిటరీ కమిషన్ వచ్చింది: డాక్టర్ సదర్లాండ్, డాక్టర్ గావిన్, ఇంజినీరు రాలిన్‌సన్. మొదటి రెండు వారాల్లో 556 తోపుడుబండ్లు, బుట్టల చెత్త ఎత్తించారు. 26 పశువుల కళేబరాలు పాతిపెట్టించారు. కాలువలు కడిగించి, గోడలకు సున్నం కొట్టించి, గాలి ఆడే ఏర్పాటు చేశారు. జూన్ నాటికి చావులు నూటికి రెండు దగ్గరికి దిగాయి. చలి తగ్గడం, రద్దీ తగ్గడం కూడా కలిసొచ్చాయి, అంతా కమిషన్ ఖాతాలోనే వేసి రాయకు.

అన్ని నెలలూ ఆమె అనుకున్నది వేరు: సిపాయిలు తిండిలేక చిక్కిపోయి, ఆలస్యంగా వచ్చి చనిపోతున్నారని. లండన్ తిరిగొచ్చాక, 1857లో, గణాంకాల నిపుణుడు విలియం ఫార్‌తో కూర్చుని లెక్కలు వేస్తే తేలింది, యుద్ధభూమి దగ్గరి ఆసుపత్రుల కన్నా స్కుటారిలోనే ఎక్కువమంది పోయారని. తను రాత్రింబవళ్ళు కాసిన ఇల్లే మనుషుల్ని మింగిందన్నమాట. ఆ ఆగస్టులో ఆమె ఆరోగ్యం కుప్పకూలింది. అయినా ఆ అంకెల్ని దాచలేదు. నెలనెలా చావుల్ని పూరేకుల్లాంటి బొమ్మగా గీసింది: రోగంతో పోయినవి నీలం, గాయాలతో పోయినవి ఎరుపు, తక్కినవి నలుపు. ఆ ఎరుపు ఎంత సన్ననో చూడు. 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సింగ్ స్కూలు, ఎదురెదురు కిటికీల వార్డులు, అన్నీ ఆ లెక్కల తర్వాతివే. నీ సినిమాకి గుండెకాయ ఆ లండన్ గది: ఒక బల్ల, కాగితాలు, తల ఎత్తలేకపోతున్న ఒక మనిషి. అది వదిలేసి దీపంతో ముగిస్తే నీతో మాట్లాడను. నిజంగానే అంటున్నాను.

ఎలాగూ దీపం చూపిస్తావు, సరిగ్గానైనా చూపించు. ముక్కున్న అల్లావుద్దీన్ దీపం కాదది. పైనా కిందా ఇత్తడి బిళ్ళలు, మధ్యలో మడతలుపడే గుడ్డ గొట్టం, లోపల కొవ్వొత్తి, టర్కీ లాంతరు. వెలుగు మెత్తగా, చేతి కిందికి పడుతుంది, మొహం మీదికి రాదు. కాబట్టి ముందు రోగి చెయ్యి కనపడాలి.

ఇంకోటి, ఇది అత్తయ్య భయం. గడ్డి పరుపులు, నూలు గుడ్డలు, పక్కపక్కనే వంద మంది, మధ్యలో కొవ్వొత్తి. నిజం మంట వద్దు. లోపల చిన్న బల్బు పెట్టించు. మంట తప్పదంటే ఆ షాట్‌కి గడ్డి తీసి తడిపిన కంబళ్ళు వేయించు, ఇద్దరిని నీళ్ళ బకెట్లతో పక్కనే నిలబెట్టు.

నర్సు వేషాలు వేసే అమ్మాయిల్ని షూటింగ్‌కి వారం ముందు నా దగ్గరికి పంపు. నలుగురు చొప్పున రమ్మను. మనిషిని మంచం మీదే ఉంచి దుప్పటి మార్చడం నేర్పుతాను: రోగిని ఓ పక్కకి ఒరిగించి, పాత దుప్పటిని పొడవునా చుట్టి వీపుకి ఆనించాలి, కొత్తది సగం పరిచి మిగతా సగం దాని పక్కనే చుట్టాలి, ఆ చుట్టల మీదుగా రోగిని రెండోవైపు ఒరిగించి, పాతది లాగేసి కొత్తది సరిచెయ్యాలి. పట్టుబడాలంటే ఇరవైసార్లు చెయ్యాలి. నువ్వు కూడా రా. మంచం మీద పడుకునే రోగివి నువ్వే.

ప్రేమతో,
మీ అత్తయ్య