అమ్మ గొలుసు పోగొట్టుకున్న చిట్టికి

చిట్టీ,

పెద్దమ్మ దీవెనలు. రైల్లో మీ అమ్మ గొలుసు పోయిందని నువ్వు ఫోన్లో ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. అందుకే రాస్తున్నా. మూడు సవర్ల గొలుసే కావచ్చు, కానీ నా చెల్లెలు నవ్వినప్పుడల్లా దాన్నే వేలికి చుట్టుకునేది. "బంగారమేగా, మళ్ళీ చేయించుకోవచ్చు" అనేవాళ్ళను అననీ. ఏడుపొస్తే ఏడువు.

రైల్వే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చానన్నావు, ఆ కాగితం జాగ్రత్తగా పెట్టుకో. ఎదురుగా కూర్చున్నామెను అనుమానించకు. చూడనిదాన్ని చూసినట్టు అనుకోవడం మనకు తగదు.

నన్ను పట్టుకున్నది నువ్వన్న ఇంకో మాట: "అంత చిన్న గొలుసు కాపాడని దేవుడికి ప్రార్థనెందుకు పెద్దమ్మా?" ఇదే మాట నేనూ అడిగాను, 2021 నవంబరులో పెన్న పొంగి మా కోవూరు ఇల్లు మునిగినప్పుడు. పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది, హైవే తెగిపోయింది, ఇక మా ఇల్లెంత? నీళ్ళు తీశాక తలుపు తోస్తే గదిలో మోకాలి లోతు ఒండ్రు. బీరువా అడుగు అరలో మా అమ్మ బైబిలు ఉబ్బిపోయి ఇటుకరాయిలా ఉంది. దాని మొదటి పేజీలో మా పిల్లలందరి పుట్టిన తేదీలు అమ్మ పెన్నుతో రాసి పెట్టింది, మీ అమ్మది కూడా. సిరా కరిగి నీలం మరక మిగిలింది. అప్పుడు కూలబడ్డాను.

పేజీకీ పేజీకీ మధ్య పేపరు ముక్కలు పెట్టి వారం రోజులు ఫ్యాను కింద ఆరబెట్టాను. కీర్తనల దగ్గర విప్పితే అమ్మ పెన్సిలుతో గీసిన గీతలు అలాగే ఉన్నాయి. పెన్సిలు గీత నీళ్ళకు పోదు, దాన్ని అద్భుతమని నేననను. కానీ ఏ మాటల కింద గీసిందో చూశాను చిట్టీ. ఎన్నాళ్ళు నన్ను మరిచిపోతావని దావీదు దేవుణ్ణి నిలదీసిన చోట్ల గీసింది! ఎప్పుడూ స్తుతి పాటలే పాడే మనిషి. లోపల ఎంత పోట్లాడుకుందో ఆరోజు తెలిసింది. పోట్లాడుతూనే ఒక్క ఆదివారం కూడా చర్చి మానలేదు.

నువ్వూ ఆయనతో మాట మానొద్దు. కోపం ఉంటే కోపంగానే మాట్లాడు. మనసుకు అనిపించకుండా "అంతా మన మేలుకే" అని పైకి అనొద్దు. గొలుసు దొరికితే ఇంత కానుక ఇస్తానని బేరం పెట్టొద్దు. అది దొరుకుతుందని నేను మాట ఇవ్వలేను. మీ అమ్మ మాత్రం ఆయన దగ్గర భద్రంగా ఉంది. నేను ఆనుకుని బతుకుతున్నది ఆ నమ్మకం మీదే.

ఒంగోలులో ప్రార్థన కొండ మీకు దగ్గరే కదా, ఒకసారి ఎక్కిరా. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా మిషనరీ జ్యూయెట్ దొర, దొరసాని, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని అక్కడ మోకరించారు. ఆ మిషనరీ, క్లౌ దొర, ఒంగోలు వచ్చేసరికి 1866 అయింది. ఆ పన్నెండేళ్ళు ఎదురుచూపే. ఆ తర్వాత 1876-78 నాటి ధాత కరువు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో క్లౌ దొర ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి పని ఇప్పించాడు. గొడ్డూ గోదా పోయి, చంటిబిడ్డ కూడా పోయాక తన అవ్వ ఆ కాలువలో మట్టి మోసిందని మా నాయనమ్మ చెప్పేది. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. కరువులో సర్వం పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళలో ఎందరో. ఆ చేతుల్లో అప్పుడు ఏముంది చెప్పు?

ఈ ఆదివారం చర్చికి వెళ్ళు. వెనక బెంచీలో కూర్చో, పాట గొంతు దాటకపోతే ఊరికే విను. ఎవరైనా ఓదార్చబోతే ఓపిక లేకుంటే వందనాలు చెప్పి వచ్చేయ్. ఇంటికొచ్చి కడుపునిండా తిను, టెన్షన్‌తో పస్తులుండకు.

క్రిస్మస్‌కి నేనొస్తున్నా. అమ్మ బైబిలు తెస్తాను. మొదటి పేజీలో మా తేదీలన్నీ మళ్ళీ నీ చేత్తో రాద్దువుగాని. పెన్సిలు చెక్కి ఉంచు.

మీ పెద్దమ్మ