దీపం తగ్గడం కనపడాలంటే

చి. అమ్మలూకి, మావయ్య ఆశీస్సులు.

ఫోన్లో ‘సైకో’ పెట్టుకుని అరగంటకే నిద్రపోయానని, ఈ పాత నలుపు తెలుపు థ్రిల్లర్లలో జనం అంత భయపడేది ఏముందో తెలియలేదని రాశావు. లైటు వేసుకుని, అరచేతిలో తెర మీద, మధ్యమధ్యలో వాట్సాప్ చూసుకుంటూ ఉంటే ఏ సినిమా భయపెడుతుందే? ఇంకొక్క అవకాశం ఇవ్వు. ఈసారి నేను చెప్పినట్టు చూడు.

వీటిలో రంగు లేదు కాబట్టి పనంతా వెలుతురూ చీకటే చేస్తాయి. గదిలో చీకటి లేకపోతే తెర మీది చీకటి కంటికి ఆనదు. హాల్లో లైటు ఆర్పు, వంటింట్లోదీ ఆర్పు. కిటికీలోంచి వీధిదీపం పడుతుంటే దుప్పటి కట్టు. సెట్‌టాప్ బాక్సు ఎర్రలైటు మీద నేను బొట్టుబిళ్ల అంటిస్తాను. మొదట్లో మీ అత్తయ్య విసుక్కునేది, ఇప్పుడు తనే అంటిస్తుంది.

టీవీలో పిక్చర్ మోడ్ ‘వివిడ్’లో ఉంటే ‘సినిమా’కో ‘మూవీ’కో మార్చు. కదలికల్ని మరీ నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపెయ్యి, లేకపోతే సీరియల్ చూస్తున్నట్టు ఉంటుంది. 1940ల సినిమాల బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది, పక్కల నల్లపట్టీలు వస్తాయి. వాటిని నింపాలని జూమ్ చేశావో, తలలు తెగిపోతాయి. రంగులద్దిన ప్రింటు జోలికి మాత్రం పోకు.

మొదట 1944 నాటి ‘గ్యాస్‌లైట్’ చూడు. జార్జ్ క్యూకర్ తీసింది. హీరోయిన్ ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కి ఆస్కార్ తెచ్చింది. లండన్లో ఒక ఇల్లు, కొత్తగా కాపురానికి వచ్చిన భార్య. వస్తువులు పోగొడుతున్నావని, చేసింది మరిచిపోతున్నావని భర్త మెత్తగా చెబుతూ ఉంటాడు. రాత్రి అతను బయటికి వెళ్లాక గదిలో గ్యాసుదీపం దానంతటదే తగ్గుతుంది. పైన అడుగుల చప్పుడు. ఎందుకో నేను చెప్పను.

దీన్ని నేను మొదటిసారి అద్దె క్యాసెట్టులో, చిన్న టీవీలో చూశాను. ప్రింటు మసక, గదిలో ట్యూబ్‌లైటు. దీపం తగ్గిందని ఆమె అంటుంటే నాకు తగ్గినట్టే అనిపించలేదు. పాపం, ఈ పిల్లకి నిజంగానే మతి తప్పుతోంది అనుకున్నాను. ఏళ్ల తర్వాత మంచి ప్రింటు దొరికితే చీకట్లో కూర్చుని చూశాను. దీపం తగ్గుతోంది, అమ్మలూ. గోడ మీద వెలుగు సన్నగిల్లి ఆమె ముఖం మీదికి నీడ పాకుతోంది. అన్నేళ్లూ నేను ఆ మొగుడి మాటే నమ్మాను! ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. ఎదుటి మనిషికి తన మతి మీదే అనుమానం పుట్టించడాన్ని ‘గ్యాస్‌లైటింగ్’ అని మీరు రోజూ అంటారే, ఆ మాట ఈ కథలోంచి వచ్చిందే. మనసు బాగోలేని రోజు మాత్రం దీన్ని పెట్టకు, చూస్తుంటే ఊపిరాడదు.

అన్నం ముందే తినెయ్యి. నమిలే చప్పుడులో ఆ అడుగుల చప్పుడు పోతుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు పెట్టుకోవడానికి మొహమాటపడకు. మధ్యలో ఆపకు. 1960లో ‘సైకో’ విడుదలైనప్పుడు, బొమ్మ మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని దాని దర్శకుడు హిచ్‌కాక్ థియేటర్లకు షరతు పెట్టాడు. దాని సంగీతంలో తీగ వాయిద్యాలు తప్ప ఇంకేమీ లేవు. స్నానాల గది సీనుకి అసలు సంగీతమే వద్దనుకున్నాడట హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ చేసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. అందుకని ఆ సినిమాకి సౌండ్ తగ్గించకు, పక్కింటివాళ్లు ఏమైనా అంటారనుకుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకో.

తర్వాత హిచ్‌కాక్‌దే, 1941 నాటి ‘సస్పిషన్’. అందులో భర్త పాలగ్లాసు పట్టుకుని చీకట్లో మెట్లెక్కుతాడు. చూపు గ్లాసు మీద నుంచి కదలకూడదని హిచ్‌కాక్ ఆ పాలలో చిన్న బల్బు పెట్టించాడు. ఆ తర్వాత ఫ్రెంచి ‘డయాబొలిక్’, 1955. ముగింపు ఎవరికీ చెప్పొద్దని ఆ సినిమానే చివర్లో అడుగుతుంది. మద్రాసులో తీసిన తమిళ ‘అంద నాళ్’ కూడా వదలకు. 1954లో ఒక్క పాటైనా లేకుండా తీశారు ఎస్. బాలచందర్.

రూమ్మేటుని పక్కన కూర్చోబెట్టుకో, కానీ ఇద్దరూ ఫోన్లు వేరే గదిలో పెట్టండి. ‘గ్యాస్‌లైట్’ అయ్యాక ఎంత రాత్రయినా సరే నాకు ఫోన్ చెయ్యి. దీపం తగ్గడం నీకు మొదట ఏ సీన్లో తెలిసిందో వినాలి. మీ అమ్మ ఇంకా చూడలేదు, తనకి మాత్రం కథ చెప్పకు.

మీ మావయ్య