ఫైనల్లోకి నడిచొచ్చిన పుస్తకం

చిరంజీవికి,

చిన్ననాటి క్రికెట్ పిచ్చి మీద నువ్వు రాసిన వ్యాసం అంది పది రోజులు దాటింది. ఆలస్యానికి ఏమీ అనుకోకు. చదవడం ఆ సాయంత్రమే అయిపోయింది. కానీ అందులో నువ్వు చేసిన ఒక పొరపాటు, ఎప్పుడో నేను చేసిన పొరపాటును తవ్వి తీసింది. దానితో కొన్నాళ్లు కుస్తీ పట్టాల్సి వచ్చింది. ఆ సంగతికి తరవాత వస్తాను.

ముందు మేడ మీదికి వెళ్దాం. గోడకు సుద్దముక్కతో గీసిన మూడు గీతలు, అన్నయ్య స్నేహితుల మధ్య నువ్వొక్కదానివే ఆడపిల్లవి, నీ చేతికి బ్యాటు వచ్చేసరికి బంతి కనిపించనంత చీకటి. "నేను ఆటలో అరటిపండుని. అవుటైనా లెక్క లేదు, పరుగు తీసినా లెక్క లేదు" అని రాశావు చూడు, అక్కడ పెన్సిలు కింద పెట్టేశాను. మరుక్షణమే మళ్లీ తీయాల్సి వచ్చిందనుకో. ఆ పక్క వాక్యంలోనే "సమాజంలో వేళ్లూనుకున్న వివక్షకు ఇదొక నిదర్శనం" అన్నావు. కొట్టేశాను. అరటిపండు అంత చక్కగా చెప్పాక మళ్లీ మైకు పట్టుకోవడం దేనికి?

దాని బదులు ఆ తొండి సాయంత్రాన్ని విప్పి రాయి. బంతి గోడ మీది గీతకు తగిలింది, అందరూ చూశారు, నువ్వు మాత్రం తగల్లేదని మొండికేశావు. వాళ్లు నవ్వేసి "సరే, ఆడు" అన్నారు. అదే తొండి ఇంకెవరైనా చేస్తే చొక్కాలు చిరిగేవి. నీతో పోట్లాడలేదని నీకు ఏడుపు వచ్చింది. ఈ సంగతికి నువ్వు ఇచ్చింది మూడే మూడు వాక్యాలు! నేనైతే ఒక పేజీ తక్కువ కాకుండా ఇస్తాను. ఆ తరవాతి బంతిని ఎలా ఆడావు? కావాలని అవుటయ్యావా? బ్యాటు ఎవరి చేతికి ఇచ్చావు?

మిగిల్చిన చోటంతా 2017 మహిళల ప్రపంచకప్ ఫైనల్ తినేసింది. జులై 23, లార్డ్స్, ఇంగ్లండ్ 228, మన బౌలర్ ఝులన్ పది ఓవర్లలో 23 పరుగులిచ్చి 3 వికెట్లు, వాళ్ల బౌలర్ అన్యా ష్రబ్‌సోల్‌కు ఆరు, మనం 219కి ఆలౌట్, తొమ్మిది పరుగుల తేడాతో ఓటమి. అన్నీ సరిపోయాయి. సరిపోయినా, అవి ఎవరైనా ఎప్పుడైనా చూసుకోగలిగిన లెక్కలు. నీ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకనిది ఆ లెక్కల నడుమ నలిగిపోయి ఉంది. స్కోరు 43 దగ్గర మన కెప్టెన్ మిథాలి రనౌట్ అయింది. నువ్వు అప్పుడే మంచినీళ్ల కోసం లేచావు. నువ్వు కదిలినందుకే ఆమె అవుటైందని వచ్చి కూర్చున్నదానివి మళ్లీ లేవలేదు. స్కోరు 191కి చేరేదాకా నీ తపస్సు ఫలిస్తున్నట్టే ఉంది. మూడే వికెట్లు పోయాయి. ఆ తరవాత 28 పరుగుల్లో ఏడుగురూ వెళ్లిపోతుంటే కూడా నువ్వు కదల్లేదు, కాళ్లు తిమ్మిరెక్కిపోయినా. ఆ 191ని తీసుకెళ్లి తిమ్మిరెక్కిన కాలి పక్కన పెట్టు. అప్పుడు అది నీ అంకె అవుతుంది.

"నా అభిమాన తారలు" అని పదకొండు మందిని వరసగా నిలబెట్టిన పేరా నాకు నచ్చలేదు. జట్టు ఎంపిక సంఘం ప్రకటనలా ఉంది. పద్నాలుగేళ్ల పిల్ల పదకొండు మందిని సమానంగా ప్రేమించదు. నీకున్నది మిథాలి ఒక్కతే, మిగతా పదిమందినీ మర్యాద కోసం పిలిచావు. ఆ టోర్నీకి ముందు ఎవరో విలేకరి, మగ క్రికెటర్లలో మీ అభిమాన ఆటగాడు ఎవరని అడిగితే, ఇదే ప్రశ్న మగవాళ్లను అడుగుతారా అని ఆమె ఎదురడిగిన సంగతి రాశావు. మంచిదే, అయితే అందరూ రాశారు. అది విన్న నాడు నువ్వు మేడ మీదికి ఎలా నడిచి వెళ్లావో ఎవరూ రాయలేదు.

అలాగే ఝులన్ కథ. 1997లో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రపంచకప్ ఫైనల్ ఆడుతుంటే సరిహద్దు తాడు బయట బంతులు అందించిన పదిహేనేళ్ల పిల్ల, తరవాత వన్డేల్లో 255 వికెట్లు తీసింది. వింటే ఒళ్లు పులకరిస్తుంది. ఆ వెంటనే నువ్వు, "నేను మాత్రం తోలు బంతిని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు" అని క్షమాపణ చెప్పుకున్నట్టు రాశావు. క్షమాపణ దేనికమ్మా? ఆటను పిచ్చిగా ప్రేమించి, ఎన్నడూ మైదానంలోకి దిగని ఆడపిల్లలు ఎంతమంది లేరు! నీ కథ వాళ్లది. "ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది" అన్న మాట నాలుగు చోట్ల ఉంది. లెక్కపెట్టాను. పాఠకులు నవ్వుతారేమోనని నువ్వే ముందు నవ్వేస్తున్నావు. ఆ పిల్ల అప్పుడు నవ్వలేదు. నువ్వూ నవ్వకు.

ఇక ఆ పొరపాటు. ఫైనల్ రోజున మిథాలి ప్యాడ్లు కట్టుకుని, తన వంతు కోసం ఎదురుచూస్తూ, చుట్టూ ఏమీ పట్టనట్టు పుస్తకం చదువుకుంటోందని రాశావు. ఆ దృశ్యం ఫైనల్‌ది కాదు. నెల ముందు, జూన్ 24న, డెర్బీలో ఇదే ఇంగ్లండ్‌తో ఆడిన మొదటి మ్యాచ్‌ది. ఆ రోజు ఓపెనర్లు స్మృతి, పూనమ్ మొదటి వికెట్‌కు 144 పరుగులు జోడించారు కాబట్టి ఆమెకు చదువుకునే తీరిక దొరికింది. లార్డ్స్‌లో స్మృతి సున్నాకే వెనుదిరిగింది. పుస్తకం తెరిచే వ్యవధి ఎక్కడిది?

ఇది చదివి తల వంచుకోకు. నాకు పద్నాలుగేళ్లప్పుడు, అంటే 1983 ప్రపంచకప్‌లో, ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద 17 పరుగులకే అయిదు వికెట్లు పడ్డాక కపిల్ దేవ్ 175 నాటౌట్ కొట్టాడు. రచనలు మొదలుపెట్టిన కొత్తలో దాని మీద ఒక వ్యాసం రాశాను. టీవీలో కళ్లారా చూశానన్నాను. బ్యాటు లేచిన తీరు, భుజం మీద ఎండ, అన్నీ వర్ణించాను. అచ్చయిన వారానికి ఒక పెద్దాయన దగ్గర నుంచి కార్డు వచ్చింది. "అమ్మా, ఆ మ్యాచ్‌ను ఏ కెమెరా చిత్రీకరించలేదు. తమరెలా చూశారు?" అని అడిగారు. ఆ కార్డును చించలేక, దాచలేక చాలా రోజులు సతమతమయ్యాను. నేను అబద్ధం చెప్పలేదు, నిజంగా చూశాననే నమ్మాను.

నేను చూసింది పేపరు. నాన్నగారు చదివాక నా చేతికి వచ్చే పేపరును ఆ రోజు ముందే లాక్కున్నాను. స్కోరుకార్డులో కిర్మాణీ పేరు పక్కన 24 నాటౌట్ అని ఉంది. కపిల్‌తో కలిసి తొమ్మిదో వికెట్‌కు విడిపోకుండా 126. ఆ 24 పరుగుల మనిషి అవతలి కొస నుంచి ఏం చూసి ఉంటాడు? సెలవు రోజుల్లో అదే ధ్యాస. అలా ఊహించీ ఊహించీ, చివరికి చూశానని నమ్మాను. పేపరు గుంజుకున్న పిల్ల గురించి రాసి ఉంటే ఆ పెద్దాయన అలా రాసేవారు కాదు. నాకది తట్టలేదు.

నీకు తట్టాలని ఇదంతా. ఆ పుస్తకం డెర్బీ నుంచి లార్డ్స్‌కు ఎలా నడిచొచ్చిందో నీ నాలుగో పేజీలోనే ఉంది, ఒక మూల: "చేతిలో ఉన్న లైబ్రరీ పుస్తకం అంచులు నలిపేశాను." ఫైనల్ రోజున పుస్తకం పట్టుకుని కూర్చున్నది నువ్వు. ఆమెలా చదవాలని తెచ్చుకున్నావు, ఒక్క పేజీ తిప్పలేదు. మిథాలి పుస్తకాన్ని డెర్బీకి పంపించెయ్యి. నీ పుస్తకాన్ని నీ ఒళ్లోనే ఉంచు.

చివరి పేజీ గురించి ఒక్క మాట. 2025 నవంబరు 2న నవీ ముంబైలో ప్రపంచకప్ ఫైనల్లో మన జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి, ఆ కప్పును అంతకు మూడేళ్ల ముందే రిటైరైన మిథాలి చేతికి అందించిన చోట "కల నెరవేరింది" అని ముగించావు. దానికి ముందు ఒక వాక్యాన్ని అడ్డంగా కొట్టేశావు. సిరా పలచగా ఉండి కింది అక్షరాలు కనిపిస్తున్నాయి: "అన్నయ్యకు ఫోను చేశాను. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు." కొట్టివేత తీసెయ్యి. కలను కొట్టెయ్యి.

మళ్లీ రాసి పంపు. తొందరేమీ లేదు.

ఆశీస్సులతో.

తా.క.: ఆ లైబ్రరీ పుస్తకం పేరు ఎక్కడా రాయలేదు. ఏమిటది? తిరిగి ఇచ్చేశావా, నీ దగ్గరే ఉండిపోయిందా?