జాతర వీడియో తీసే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

ఈ ఏడు తిరుపతి గంగజాతర వీడియో తీసి యూట్యూబులో పెడతానని ఫోనులో చెప్పావు. అదే జాతర గురించి విలేకరిగా 20 ఏళ్లు వార్తలు పంపినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

వారం రోజుల జాతరకు మాకు జిల్లా పేజీలో దొరికేది ఒక ఫోటో, కింద పది లైన్లు. రోజుకో వేషం వేసే ఆ జాతరలో, బండ వేషం రోజున "భక్తులు వేషాలతో మొక్కులు తీర్చుకున్నారు" అని పంపి చేతులు దులుపుకునేవాణ్ణి. ఆ వేషం వేసినవాళ్లు ఒంటికి కుంకుమ పూసుకుని వీధుల్లో తిట్టే బూతులు జాతర ఆచారమనీ, తిట్లు తిన్నవాళ్లు తప్పుపట్టరనీ ఒక్కసారీ రాయలేదు. రాసినా పత్రికాఫీసులో వార్తలు దిద్దే డెస్కు కొట్టేసేది. నీకు ఆ ఇరుకు లేదు. అరగంట చూపించినా అడ్డుచెప్పేవాళ్లు లేరు.

నా భయమూ అక్కడే. ఆ బూతుల్లోంచి 30 సెకన్లు కోసి పెడితే చూసేవాళ్లకు కొదవ ఉండదు. ఊరు తెలియనివాడికి మాత్రం అది తాగి చేసే గొడవలా కనిపిస్తుంది. ముక్క పెట్టాలనుకుంటే ఆ వేషం పేరు, ఎందుకు వేస్తారన్నది ముందు వినిపించు. అదీ వేషం వేసినవాడి నోటే చెప్పించు, నీ వ్యాఖ్యానం తగ్గించు.

డెస్కును తిట్టుకున్నాం గానీ, ఒకసారి 'తోటి' అనే వేషం ఫోటోకు 'దొర' వేషమని రాసి పంపాను. రాత్రి 11 గంటలకు ఉప సంపాదకుడు ఫోను చేసి "దొర ఒంటికి బొగ్గు పూసుకున్నాడేమయ్యా?" అన్నాడు. పరువు దక్కింది. నీకు అలాంటి ఫోను రాదు. అందుకని ఎక్కించే ముందు అమ్మమ్మకు చూపించు. గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట దగ్గర పెరిగిన మనిషి, వేషాలన్నీ వరుస తప్పకుండా చెబుతుంది.

ఎక్కించాక తప్పు దొరికినా అదే లింకులో వేరే వీడియో పెట్టడం కుదరదు. కొంత కత్తిరించవచ్చు, లేదా తొలగించి మళ్లీ ఎక్కించాలి. మేము సవరణను లోపలి పేజీలో ఓ మూలకు తోసేవాళ్లం. నువ్వు వీడియో కింద వివరణలో మొదటి వరుసలోనే వేయి.

ప్రకటనల డబ్బుకు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, పెద్ద వీడియోలకైతే ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలన్న లెక్క నాకూ తెలుసు. దానికోసం శీర్షికలో "షాక్" అని పెట్టావో, మా గడప తొక్కకు.

మంగళవారం జాతర మొదలైందని చాటే చాటింపుకు ముందే వచ్చేయి. చాటింపు పడ్డాక ఊళ్లో ఉన్నవాళ్లు పొలిమేర దాటకూడదంటారు. చార్జరు మరచిపోయానని చిత్తూరు పరుగెత్తడానికి అమ్మమ్మ ఒప్పుకోదు.

ఆశీస్సులతో,
మామయ్య