వైరస్ ప్రోటియేజ్ ఎలా పనిచేస్తుంది?

ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లో బయోకెమిస్ట్రీ చదువుతూ మీరు అడిగింది: వైరస్‌కి ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్ ఎందుకు, దాని నిర్మాణం ఏమిటి?

చాలా వైరస్‌లు తమ ప్రోటీన్లను ఒకే పొడవాటి గొలుసుగా తయారు చేయించుకుంటాయి. దాన్ని సరైన చోట్ల తెంపేదే ప్రోటియేజ్. హెచ్‌ఐవీలో ఆ కోత జరగకపోతే, వైరస్ బయటికొచ్చినా మరో కణానికి సోకలేదు.

హెచ్‌ఐవీ ప్రోటియేజ్ ఎంత అందంగా ఉంటుందో చూడండి! 99 అమైనో ఆమ్లాల గొలుసులు రెండు, అచ్చం ఒకేలాంటివి, జతకడతాయి. కోసే చోటు ఆ రెండిటి మధ్యే ఏర్పడుతుంది కాబట్టి విడిగా ఏదీ పనిచేయదు. ఒక్కోదాని 25వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లాలు కలిసి, అమైనో ఆమ్లాలను కలిపి ఉంచే పెప్టైడ్ బంధాన్ని నీటి అణువుతో తెంపిస్తాయి. పైనున్న రెండు రెక్కలు తలుపుల్లా తెరుచుకుని మూసుకుంటాయి. కరోనా ప్రధాన ప్రోటియేజ్‌లో కోసే పనిని 145వ స్థానంలోని సిస్టీన్, 41వ స్థానంలోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు చేస్తాయి.

విశాఖ కేజీహెచ్ లాంటి ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలో, మొదటి మందులు పనిచేయని కొందరికి ఇచ్చే అటాజనవిర్ అనే మందు సరిగ్గా హెచ్‌ఐవీ ప్రోటియేజ్ కోసే చోటి గాడిలోనే, తెగకుండా ఇరుక్కుంటుంది.