రాట్నం ఆగిన చోట

అమ్మా,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి చేతిలో పెన్సిల్ ఉంది, కాబట్టి కాస్త ధైర్యం చేసుకో. కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మాయిని మొదటి పేజీలో కళ్లకు కట్టావు. మూడో పేజీకి వచ్చేసరికి ఆ మిషను ఏమైందో తెలియదు. ‘ఆమె మనసు ముక్కలైంది’, ‘ఆమె లోకమంతా చీకటైంది’ అంటూ నువ్వే ముందుకొచ్చి చెప్పడం మొదలుపెట్టావు.

నీకు ఒక పాట వినిపించాలని ఉంది. ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ 1814 అక్టోబరు 19న కట్టిన ‘రాట్నం దగ్గర గ్రెట్‌చెన్’. అప్పటికి అతనికి పదిహేడేళ్లు, నీకంటే చిన్నవాడు. ఒక గొంతు, ఒక పియానో, అంతే. జర్మన్లు ఇలాంటి పాటను లీడ్ అంటారు. మాటలు జర్మన్ కవి గోథే రాసిన ‘ఫౌస్ట్’ నాటకంలోవి. ప్రేమలో పడిన గ్రెట్‌చెన్ అనే పిల్ల గదిలో ఒంటరిగా కూర్చుని, తన నెమ్మది పోయిందని, గుండె బరువెక్కిందని పాడుకుంటుంది.

జర్మన్ రాదని బెంగపడకు. మొదటిసారి పియానో మీదే చెవి పెట్టు. ఇక్కడ దాన్ని పక్కవాద్యం అనడానికి నాకు నోరు రాదు. కుడిచేతిలో చక్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది, ఎడమచేతిలో కాలితో పలక తొక్కుతున్న లయ. తమాషా ఏమిటంటే, గోథే పద్యంలో రాట్నం అనే మాటే లేదు. రంగసూచనలో ఉంది, అంతే. ఆ ఒక్క సూచనను పట్టుకుని షూబర్ట్ పాటంతా తిప్పాడు.

ఆ పిల్ల తన ప్రియుడి నడక, చిరునవ్వు, చూపు, మాటతీరు, చేతి స్పర్శ ఒక్కొక్కటే తలచుకుంటుంది. ముద్దు దగ్గరికి వచ్చేసరికి గొంతు పైకెగసి నిలిచిపోతుంది. రాట్నం ఆగిపోతుంది.

ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పరు. కాసేపటికి పియానో చక్రాన్ని మళ్లీ తిప్పబోతుంది. కాస్త కదిలి ఆగుతుంది. ఇంకోసారి కదిలి ఆగుతుంది. ఆ తర్వాత గాని సాగదు. ముద్దు గురించి ఎవరైనా రాస్తారు. పనిలో మళ్లీ చెయ్యి పెట్టలేక తడబడే ఆ రెండు క్షణాలకే నేను దాసుణ్ణి.

ముగింపులో షూబర్ట్ కొంచెం చనువు తీసుకున్నాడు. గోథే పద్యం ప్రియుడి ముద్దుల్లో కరిగిపోవాలన్న కోరికతో ముగుస్తుంది. షూబర్ట్ మాత్రం మొదటి రెండు పాదాలను మళ్లీ పాడించి, చక్రాన్ని తిరగనిచ్చి, మెల్లగా సన్నబడి వినిపించకుండా పోయేలా చేశాడు. కవులకు కోపం రావచ్చు గాని, నాకు రాలేదు.

ఇక నీ కథ. ఆ ఫోను వచ్చిన చోట మిషను చప్పుడు ఆపు. తర్వాత ఆమె సూదిలోకి దారం ఎక్కించబోతే ఎక్కకపోనీ. మూడో పేజీలో పదకొండు వాక్యాలు కొట్టేశాను, తిట్టుకో. నాలుగో పేజీలో ‘బాబిన్ ఖాళీ అయింది’ అన్న చోట మాత్రం కింద రెండు గీతలు గీశాను. అది నువ్వు ఏమరుపాటున రాసినట్టున్నావు.

ఆశీస్సులతో,
మాస్టారు