మురుగు కాలువకు కోడిగుడ్డు ఆకారమెందుకు?

ప్రశ్న: మా అబ్బాయి పుస్తకంలో లండన్ పాత మురుగు కాలువ బొమ్మ చూశాను. నిలబెట్టిన కోడిగుడ్డులా ఉంది. గుండ్రంగా కట్టకుండా అలా ఎందుకు కట్టారండీ?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: ఆ గుడ్డు సన్న కొస కిందికి ఉంది చూశారా అమ్మా, కిటుకంతా అక్కడే. వానకి కాలువ నిండుగా పారినప్పుడు ఏ ఆకారమైనా పెద్ద తేడా లేదు. చిక్కంతా ఎండాకాలం అర్ధరాత్రి వేళ, బెత్తెడు నీళ్లు కూడా లేనప్పుడు. చెంబెడు నీళ్లు గచ్చు మీద పోస్తే ఇసుక కదలదు, అవే నీళ్లు సన్నటి గాడిలో పోస్తే కొట్టుకుపోతుంది. ఇదీ అంతే.

అంతకుముందు లండన్‌లో చాలా కాలువలకు అడుగు బల్లపరుపు, పక్కలు నిట్టనిలువు. పూడిక పేరుకుంటే వీధి తవ్వి, మనుషులు దిగి బకెట్లతో తోడేవారు. హోల్‌బర్న్, ఫిన్స్‌బరీ ప్రాంతాల సర్వేయరు జాన్ రో అడుగును వంపు తిప్పి కట్టించాడు. తలుపులతో నీళ్లు ఆపి, ఒక్కసారిగా వదిలి కాలువ కడిగించాడు. పారిశుద్ధ్య సంస్కర్త ఎడ్విన్ చాడ్విక్ 1842 నివేదికతో ఈ పద్ధతికి పేరొచ్చింది. అయితే కడిగిందంతా థేమ్స్ నదిలోకే పోయింది. 1858 వేసవిలో కంపు భరించలేక పార్లమెంటు కిటికీ తెరల్ని బ్లీచింగ్ నీళ్లలో తడిపారు. ఆ తర్వాతే ఇంజినీరు జోసెఫ్ బజల్‌జెట్ మురుగును ఊరి దిగువకు మళ్లించే పెద్ద కాలువలు కట్టాడు.

నేను డ్రైనేజీ పనుల్లో ఇంజినీరుగా చేరిన కొత్తలో, ముందు ముందు పనికొస్తుందని ఒక వీధిలో అవసరానికి మించి పెద్ద గుండ్రటి పైపు వేశాం. మే నెలకల్లా సగం పూడిపోయింది. ఒకతను నడుముకు తాడు కట్టుకుని మ్యాన్‌హోల్‌లోకి దిగాడు. పైన నిలబడ్డ నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. బకెట్‌లో నల్లటి బురద, ఇసుక, ఒక స్టీలు చెంచా పైకొచ్చాయి. తర్వాత అతనూ వచ్చాడు. గోడకి చేరగిలబడి చాలాసేపు మాట్లాడలేదు. రక్షణ లేకుండా మనిషిని అలా దింపడం, మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. నీళ్లు చేయాల్సిన పని మనిషి మీద పడకూడదనే నా తాపత్రయం.

ఇప్పుడు పైపులు ఎక్కువగా గుండ్రంగానే వస్తాయి కాబట్టి, సరైన సైజు, వాలు చూసి వేస్తారు. పూడిక కొట్టుకుపోవాలంటే రోజుకొక్కసారైనా నీళ్లు సెకనుకు 0.6 మీటర్ల వేగం అందుకోవాలి. మీ వీధిలో పైపు వేస్తుంటే వాలు ఎంత ఇచ్చారో తప్పకుండా అడగండి.